తొట్టి వెనక యొర్దాను

ఏ గోడ? బాప్తిస్మం తొట్టి వెనకదా? ఆ, ఇప్పుడు టైల్సు వేసినారు లే, స్నానాల గదికి వేసినట్టు. మొన్న పండక్కి నన్ను కుర్చీతో సహా మోసుకోనిపోయి ముందర వరసలో దించినారు గదా, నేను వాక్యం విన్నానా ఏమన్నానా, ఆ టైల్సే చూస్తా కూర్చున్నా. ఆడ బొమ్మ ఉండేదని నీకెవురు చెప్పినారు? మీ నాయనా? వాడికేం తెలుసు, వాడప్పటికి పుట్టలా. కూర్చో పాపా. ఆడ కాదు, కొంచెం ఎడంగా, నాకు ఫ్యాను గాలి అడ్డం పెట్టబాక. ఆ బొమ్మ మీ తాత రాసినాడు. మా యన్న యెహోషువ. రాసినాడంటే ఏదో ఒకసారి రాసి చేతులు కడుక్కున్నాడనుకునేవు. రాసినాడు, తుడిచినాడు, మళ్లా రాసినాడు, మళ్లా తుడిచినాడు. మధ్యలో నా పెండ్లి నిలబడిపోయింది. నవ్వుతావేం? నిజంగానే నిలబడిపోయింది.

మా యన్న ఈ బిట్రగుంటలోనే రైల్వేలో పెయింటరు. పెయింటరంటే మహా గొప్ప పనేం కాదు, గూడ్సు పెట్టెలకి నెంబర్లు రాసేది. ఇటికరంగు పెట్టె, తెల్ల నెంబరు. ఇంకో ఇటికరంగు పెట్టె, ఇంకో తెల్ల నెంబరు. పొద్దుగూకే దాకా అదే. ఇంటికొస్తే కుదురుగా కూర్చోడు. టీ కూడా నిలబడే తాగతాడు. గ్లాసు కింద పెట్టినాడో లేదో సైకిలెక్కి జువ్వలదిన్నె పోతాడు. ఆడ చుట్టాలెవరన్నా ఉన్నారా అంటే లేరు. చేపలు తెస్తాడా అంటే తేడు. ఉప్పు కాలవ గట్టు మీద నిలబడి నీళ్లు చూసి వస్తాడు. నీళ్లు చూడను పదామడల దూరం పోవాల్నా, మన బాయిలో లేవా నీళ్లు అనేది మాయమ్మ. రైల్వే పాసు ఇచ్చేవాళ్లు గదా, అందరూ ఆ పాసు పెట్టుకోని మద్రాసు పోయి బట్టలు కొనుక్కొచ్చుకుంటే ఈయన తడలో దిగి, ఆడ చెరువు మాదిరి పెద్ద ఉప్పునీళ్లున్నాయి గదా, ఆడికి చలికాలంలో వచ్చే పొడుగు కాళ్ల కొంగల్ని చూసి తిరిగొచ్చినాడు. చెవులు ఎండకి కమిలిపోయినాయి. "ఆ పిట్టలు నీకు కూడు పెడతాయంట్రా?" అని మాయమ్మ. ఈయన ఆమె మాట వినిపించుకోకుండా, "తెల్లగా ఉంటాయనుకున్నానమ్మా, లేవు. ఎర్రగానూ లేవు. రెక్క ఇప్పితే లోపల ఉండాది ఎరుపు" అని ఇట్టా రెండు చేతులూ చాపి మాకు చూపిస్తాడు, చంకలో చొక్కా చినిగి ఉంటాది. నేను ఆ చినుగే చూసినా. నవోమీ, ఒక్కసారి నాతో రామే, ఒక్క మాపటేల రా అనేవాడు. నాకేం పని లేదా, నేను పోయేదాన్ని కాదు.

అప్పుడు నయాపైసలొచ్చిన కొత్త. అంతకు ముందు మనవాళ్లకి బాప్తిస్మాలు చెరువులోనే. తెలుసు గదా, మనం పసిబిడ్డల తల మీద నీళ్లు చల్లే సంఘం కాదు. బుద్ధి తెలిసినాక వాళ్లంతట వాళ్లు ఒప్పుకోని పూర్తిగా మునగాల. ఒకేడు ఏమైందంటే, పాస్టరు హెబ్రోను గారు ఒకాయన్ని ముంచతా ఉంటే ఎవురివో గేదెలు ఎండకి ఓర్చుకోలేక అన్నీ కలిసి చెరువులోకి దిగినాయి. పాట పాడేవాళ్లు పాట ఆపేసి నవ్వు. ఆ ముంచిన మనిషిని పైకి లేపేది మర్చిపోయినంత పని చేసినారు. దాంతో ముత్యాలయ్య గారికి రోషమొచ్చింది. ఆయన గార్డు చేసి రిటైరైనాడు, సంఘంలో పెద్ద, ఆయన మాటంటే పచ్చజెండానే. గుడిలోనే, ప్రసంగ వేదిక వెనకాలే సిమెంటు తొట్టి కట్టించినాడు. ఇంగ మన సంఘంలో ఒక్క మనిషి కూడా చెరువులో మునిగేది లేదని చెప్పినాడు. తొట్టి వెనక గోడ తెల్లగా బోసిగా ఉండాది. ఆయన కాడ ఒక క్యాలెండరుంది, యొర్దాను నది బొమ్మ. నీలం నీళ్లు, కోసుగా ఉండే చెట్లు, అంతా అద్దం మాదిరి ఉండాది. "యెహోషువా, ఇది ఉన్నది ఉన్నట్టు గోడ మీద దించు" అన్నాడు. మా యన్న ఆయిలు పెయింటు తెచ్చి దించినాడు. మంచిగా దించినాడమ్మా, అబద్ధమెందుకు. ముత్యాలయ్య గారు గోడ కాడికి పోయి క్యాలెండరు పక్కన పెట్టి ఒక్కో చెట్టూ సరి చూసుకున్నాడు.

ఈస్టరు నాటికి నా బాప్తిస్మం, తర్వాత పెండ్లి. బాప్తిస్మం లేకుండా గుడిలో పెండ్లి చెయ్యరు. అప్పటిదాకా ఎందుకు తీసుకోలేదంటావు? నీళ్లంటే భయం నాకు. చిన్నప్పుడు కాలవలో జారి పడ్డా, ఎవురో జుట్టు పట్టి లాగినారు. అప్పటి నుంచి తల మీద చెంబుతో పోసుకునేటప్పుడు కూడా గట్టిగా ఊపిరి బిగపట్టుకునేదాన్ని. పెండ్లికొడుకు పేరు సమాధానం, కోవూరు బళ్లో అయ్యవారు. పాట పాడితే గుడి అంతా గమ్మునయ్యేది. నాకు ఇష్టమే. ఇష్టం లేదంటే నా నోట్లో మన్ను. మా యన్న నా పెండ్లి కాందే తను చేసుకోనని కూర్చోనుండాడు, మాయమ్మకి ఇద్దరి దిగులూ ఉండింది.

ఇంగ చూడు. బొమ్మ అయిపోయింది గదా, అందరూ మెచ్చుకున్నారు గదా. ఆ ఆదివారం మాపటేల ఈయన జువ్వలదిన్నె పోయినాడు. చీకటి పడినాక వచ్చినాడు, అన్నం తినలా. "గోడ తప్పు నవోమీ" అంటాడు. ఏం తప్పంటే, "అవి నీళ్లు కావు, నీలం పెయింటు. గూడ్సు పెట్టె మాదిరి మెరస్తా ఉండాది" అంటాడు. తెల్లారినాక నాటకాల తెరలు రాసే వాళ్ల కాడికి పోయి పొడి రంగులు తెచ్చుకున్నాడు, జిగురులో కలిపి వాడేవి. అవి మెరవవంట. ఆ ఆయిలు పెయింటు మీదనే ఇవి పూసేదానికి మొదలుపెట్టినాడు. కోసు చెట్లు పోయి తాటిచెట్లొచ్చినాయి. నీలం పోయి బురద గట్టొచ్చింది, ఆ గట్టు మీద తడ కొంగలొచ్చినాయి. ముత్యాలయ్య గారు చూసి, "యొర్దాను కాడ తాటిచెట్లుంటాయంట్రా?" అన్నాడు. "నువ్వు పోయి చూసినావా అన్నా?" అన్నాడు మా యన్న. పెద్దాయన మొహం మాడిపోయింది. హెబ్రోను గారు మంచాయన, మధ్యలోకొచ్చి, యొర్దాను పక్కనుండే యెరికోలో ఖర్జూరాలున్నాయి గదా ముత్యాలయ్య గారా, ఖర్జూరం, ఈత, తాడి అన్నీ అన్నదమ్ముల బిడ్డలే అని సర్దినాడు. ఆయన అట్టా సర్దబట్టే ఈయనకి అలుసైంది.

సరే, తాటిచెట్లే రాసుకో, అయిపోతే చాలు అనుకున్నా. అయిపోతేనా? ఒక రోజు నీళ్లు ఎర్రగా రాస్తాడు. కాలవ గట్టుకి పోయొస్తాడు, తడిగుడ్డ పెట్టి తుడిచేస్తాడు, పసుపు కలిసిన బూడిదరంగు పూస్తాడు. మళ్లా పోతాడు, మళ్లా వస్తాడు. తొట్టిలోనే నిచ్చెన, తొట్టిలోనే రంగుల డబ్బాలు, తొట్టిలో నీళ్లు పోసేదెట్టా? ఈస్టరు వచ్చింది, పోయింది. కోవూరు నుంచి రెబెక్కమ్మ, సమాధానం వాళ్లమ్మ, మనిషి మీద మనిషిని పంపిస్తా ఉండాది. పిల్లకి మనసు లేదా, లేకపోతే ఇంకేమన్నా ఉందా, గోడ సాకు చెప్తా ఉన్నారేంది అని. ఆమె అడిగేదాంట్లో తప్పేముంది? గోడకి రంగు కుదరలేదని పెండ్లి ఆపిన వాళ్లని నువ్వెక్కడన్నా చూసినావా?

ఒకరోజు మధ్యాన్నం క్యారియరు తీసుకోని గుడికి పోయినా. ఈయన తొట్టిలో నిలబడి గోడకేసి చూస్తా ఉండాడు, చేతిలో కుంచె ఎండిపోయి ఉండాది. నాకు ఎట్టొచ్చిందో కోపం, క్యారియరు ఠంగున కింద పెట్టి అరిచినా. నీకు చెల్లెలి బతుకు ఎక్కువా, బురద నీళ్లు ఎక్కువా అని అడిగినా. ఇంకా ఏందేందో అన్నా, ఇప్పుడు ఎందుకులే. ఆయన మెల్లిగా అన్నాడు, "పొద్దున ఒక రంగుండాది నవోమీ, మాపటికి ఒకటుండాది. మబ్బేస్తే ఇంకొకటి. గాలి తోలితే అదీ ఉండదు. వాటిలో ఏది రాసి ఏది వదిలెయ్యమంటావు? నువ్వు దిగి ఈడ నిలబడి చూడు, నీళ్లల్లో ఉండే మనిషికి ఎట్టా కనపడతాదో చెప్పు." నేను దిగలా. ఉత్త తొట్టిలో దిగేదానికి కూడా నాకు భయమే, అది వేరే సంగతి. "నువ్వు రాసేది నీళ్లు కాదన్నా, నా కండ్ల నీళ్లు" అని చెప్పి వచ్చేసినా.

కడాకి హెబ్రోను గారే తెగించినాడు. ఒక శనివారం నిచ్చెన తీయించి ఆయనింట్లో పెట్టి తాళం వేసుకున్నాడు. రేపే బాప్తిస్మాలు అని కోవూరుకి కబురు పంపించినాడు. ఆడోళ్లందరూ వరస కట్టి బిందెలతో బాయి నుంచి తోడి పోసినారు. మా యన్న ఒక్క మాటన్నాడు, గోడ మీద గీత గీసుకున్నా, ఆ గీత దాటి నీళ్లు పొయ్యబాకండమ్మా, ఇవి పొడి రంగులు అన్నాడు. గీతకి బెత్తెడు కిందనే ఆపినారు. అన్నీ ఆలోచించినాడు, ఒకటి ఆలోచించలా. నీళ్లు కదలకుండా ఉంటే ఆ గీత సరే. మనిషిని ముంచితే నీళ్లు ఎగరవా? ఈయనకి బాప్తిస్మం చెరువులో అయింది, చెరువుకి గోడ ఎక్కడిది, తోచలా పాపం.

ఆదివారం పొద్దున తొట్టి మీద కప్పిన చెక్కలు తీసినారు. సమాధానం, రెబెక్కమ్మ, వాళ్ల చుట్టాలు అందరూ ముందర కూర్చోనుండారు. అప్పుడు చూడాల పాపా. గోడ మీద మాపటేల కాలవ, నీళ్లల్లో దాని నీడ. యాడ గోడ అయిపోయింది, యాడ నీళ్లు మొదలైనాయి, తెలియలా. కొంగలు కిందా ఉండాయి, పైనా ఉండాయి. ముత్యాలయ్య గారు కండ్లద్దాలు తీసి తుడుచుకోని మళ్లా పెట్టుకున్నాడు. ఆయన కాబట్టి అంతే, వేరే మనిషైతే శభాష్ అనేవాడు. నేను మాత్రం అదేం చూడలా, తొట్టి మెట్లే లెక్కపెట్టుకుంటా ఉన్నా.

మొదట దిగింది ఇంజన్ ఫైర్‌మన్ ఒకడు, మనిషి గాదెంత ఉంటాడు. వాణ్ని వెల్లకిలా ముంచేటప్పటికి నీళ్లు లేచి గోడకి కొట్టినాయి. వాడి తర్వాత ఇంకెవురో, వాళ్ల తర్వాత ఇంకెవురో. కడాన నేను. తెల్ల చీర కట్టుకోని మెట్లు దిగతా ఉంటే నీళ్లు ఏదో తేడాగా ఉండాయి, నాకు చూసే ధైర్యం ఎక్కడిది. హెబ్రోను గారు నా ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టి, కండ్లు మూసుకోమ్మా, ఒక్క గడియ అన్నాడు. ముంచినాడు. నేను కండ్లు మూసుకోలా. మూసుకుంటే కాలవలో పడ్డ చీకటి గుర్తొస్తాదని తెరిచే పెట్టినా. తెరిస్తే, పాపా, పైన వెలుతురుండాది, ఆ వెలుతురులోంచి రంగు దిగతా ఉండాది నా మీదికి. నిదానంగా. ఎరుపు దిగతా దిగతా పసుపులో కలిసి, ఆ కొంగల రెక్క లోపలి ఎరుపు అంటాడే, అది నా మొహం మీదుగా పోతా ఉండాది. నాకు భయం పోయింది. ఇంకాసేపు ఉంచితే బాగుండు అనుకున్నా, నేను, నీళ్లంటే చచ్చేదాన్ని.

పైకి లేస్తే ఒక్కటే కలకలం. నా తెల్ల చీర తెల్లగా లేదు. ఎర్రగా, పచ్చగా, బురదగా, చీర నిండా చారలు. గోడ కింద సగం కారిపోయి, ఆ చారల సందులోంచి క్యాలెండరు నీలం బయటపడింది. రెబెక్కమ్మ లేచి నిలబడింది. "తెల్లబట్టలతో దిగిన పిల్ల వసంతాలాడిన దానిమాదిరి లేచిందే, ఇదేం బాప్తిస్మం? మంచి నీళ్లు పోసి మళ్లా ముంచండి. లేకుంటే ఈ పెండ్లి మాకొద్దు" అనింది. ముత్యాలయ్య గారు ఆమె మాటే అన్నాడు, దేవుడే గోడ కడిగి అసలు యొర్దాను చూపించినాడు అని కూడా అన్నాడు. హెబ్రోను గారు, బాప్తిస్మం బాప్తిస్మమే, చెల్లింది, అయినా అందరి మనసూ కుదుటపడేదానికి వచ్చే ఆదివారం ఇంకోసారి ముంచుదామా అని నసిగినాడు. నేను సమాధానం కేసి చూసినా. అంత గొంతున్న మనిషి నోరు తెరవలా.

అప్పుడు మా యన్న మెట్ల కాడికొచ్చినాడు. మొహం పాలిపోయింది. నా చీర కొంగు పట్టుకోని రంగు పిండతా అన్నాడు, "ఒప్పుకో నవోమీ. రేపే నేను గోడకి సున్నం కొడతా. నా పిచ్చికి నీ పెండ్లి చెడిపోకూడదు." అందరి ముందరా అట్టా అన్నాడు, తలకాయ వంచుకోని. అన్నాళ్లూ పిచ్చి అని అరిచింది నేనే గదా. ఆయన నోటితో ఆయనే అనుకునేటప్పటికి నా కొంగు ఆయన చేతిలోంచి లాక్కున్నా. ఇంకోసారి మునిగినానంటే ఈయన నీళ్లు మురికి నీళ్లని నేనూ చెప్పినట్టే గదా. "మునిగినా. లోపల కండ్లు తెరిచే ఉన్నా. ఇంతకంటే మంచి నీళ్లు మీరు తెచ్చి పొయ్యలేరు. ఇంగ మునగను" అన్నా. ఆ చీరతోనే నడిచిపోయి బాప్తిస్మమైన వాళ్లతో పాటు ప్రభువు బల్ల కాడ రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నా. హెబ్రోను గారు కాదనలా. కోవూరు వాళ్లు అన్నం తినకుండా పోయినారు.

ఏడ్చినా. ఏడవలేదంటే అబద్ధం. చానా నాళ్లు ఎవురు పాట పాడినా నాకు ఆయన గొంతే వినపడేది. మా ఆయన, మీ మామ తాత, తర్వాత వచ్చినాడు, బంగారం లాంటి మనిషి, అది వేరే కత. మా యన్న మాత్రం అన్నట్టే మర్నాడు సున్నం కొట్టినాడు, తన చేత్తోనే. కింద నీలం, పైన తాటిచెట్లు, అన్నీ పోయినాయి. ఆ తర్వాత కుదురుగా కూర్చోను మొదలుపెట్టినాడు. డ్యూటీ నుంచొచ్చేది, కూర్చోని టీ తాగేది, గోడకానుకోని కూర్చునేది. మాయమ్మ సంతోషపడింది, బిడ్డకి నిమ్మళం వచ్చిందని. నాకు చూడబుద్ధి కాలా. కూర్చోవద్దు మహానుభావా, లేచి యాడికన్నా పో అని తిట్టాలనిపించేది. సైకిలుకి తుప్పు పడతా ఉండాది. ఒక మాపటేల ఇంగ ఉండలేక, సైకిలు తుడిచి వాకిట్లో పెట్టి, నన్ను జువ్వలదిన్నె తీసుకోనిపో అన్నా. ఎందుకులే అన్నాడు. నువ్వు వస్తావా, నేను ఒక్కదాన్నే నడిచిపోవాల్నా అన్నా. వెనక కూర్చుంటే దోవంతా గుంతలే, నడుం విరిగింది. గట్టు మీదకెక్కేటప్పటికి పడమట పొద్దు కుంకతా ఉండాది. కాలవంతా ఎర్రగా, ఎరుపు మీద ఇంకేదో. బాగుండాది. బాగలేదని ఎవురు చెప్తారు? మా యన్న ఆ నీళ్లు చూడలా. నా మొహమే చూస్తా ఉండాడు. అప్పుడు అడిగినాడు, "ఆ రోజు లోపల కండ్లు తెరిచినానంటివే. ఇట్టా ఉండిందా?" అని.

నేను ఇంకోసారి చూసినా కాలవకేసి, తప్పు చెప్పకూడదని. "ఇట్టా లేదన్నా" అన్నా.

"మరెట్టా ఉండింది?"

"నీ గోడ మాదిరి ఉండింది."

సైకిలు పట్టుకోని నిలబడే ఏడ్చినాడు, గట్టిగా, వెక్కి వెక్కి. వలలు సర్దుకుంటా ఉండేవాళ్లు తిరిగి చూసినారు. చూస్తే చూడనీ అని నేను పక్కనే నిలబడినా. ఆ... పో పాపా, ఆ వాకిలి తలుపు దగ్గరగా వెయ్యి, దోమలొచ్చేస్తాయి.